మానేసిన మర్నాటి లెక్కలు

మన దేశంలో మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఏదో ఒక చికిత్స అందింది ఒక్కరికి. ఆస్పత్రిలో చేరి వైద్యం చేయించుకున్నవాళ్లనే లెక్కేస్తే 180 మందిలో ఒక్కరు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు దేశమంతటా సర్వే చేసి 2019లో బయటపెట్టిన లెక్క ఇది. అదే సర్వే ప్రకారం 10 నుంచి 75 ఏళ్ల వయసు వాళ్లలో 16 కోట్ల మంది తాగుతున్నారు. తాగుడు వల్ల ఆరోగ్యమో సంసారమో ఉద్యోగమో దెబ్బతిని సాయం అవసరమైనవాళ్లు 5.7 కోట్లు. అందులో మానాలనుకున్నా మానలేని స్థితికి చేరినవాళ్లు 2.9 కోట్లు. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణ మొత్తం జనాభాయే మూడున్నర కోట్లు.

మన రెండు రాష్ట్రాలకు ఈ లెక్కల్లో మంచి పేరేమీ లేదు. తాగుడు సమస్యగా మారినవాళ్ల శాతం జాతీయ సగటుకు రెట్టింపు దాటిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్‌ను ఆ సర్వే చేర్చింది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో తాగేవాళ్లు దేశవ్యాప్తంగా 18.8 శాతమైతే ఆంధ్రలో 23.3, తెలంగాణలో 43.3. ఆడవాళ్లలో దేశ సగటు 1.3 శాతం ఉండగా తెలంగాణలో 6.7.

చికిత్స అందని ఆ 37 మంది గురించి ఎంతో కొంత చర్చ జరుగుతూనే ఉంది. ఈ కథనం మిగిలిన ఆ ఒక్కరి గురించి. తాగుడుకో మానసిక జబ్బుకో వైద్యం చేయించుకుని, ఆస్పత్రి నుంచి సంచీ సర్దుకుని ఇంటికొచ్చిన మనిషి గురించి. ఆ మనిషి ఆర్నెల్ల తర్వాత ఎలా ఉంటాడన్నది ఆస్పత్రిలో గడిపిన రోజుల కంటే, ఆ తర్వాత ఇంట్లో, వీధిలో, పనిలో ఎదురయ్యే రోజుల మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు. లెక్కలన్నీ ఆ వైపే చూపిస్తున్నాయి.

మద్యం మీద పోరాటం మనకు కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం 1993లో సారా నిషేధానికి, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. 1997లో ఆ నిషేధం సడలిపోయింది. దుకాణం ఉండాలా వద్దా అన్న దానిమీద ముప్పై ఏళ్లుగా వాదించుకుంటున్నాం. ఇవాళ్టికీ ఎన్నికల సభల్లో బెల్టు షాపుల గురించి హామీలు వినపడతాయి. తాగుడు మానేసిన మనిషిని నిలబెట్టడం గురించి మాత్రం ఒక్క హామీ కూడా వినపడదు. నాకు బాధ కలిగించే విషయం అదే.

మొదటి నాలుగు రోజులు

మొదటగా తెలియాల్సింది, ప్రాణం కాపాడే లెక్క. రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే 6 నుంచి 24 గంటల్లో చేతులు వణకడం, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. 48 గంటల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య కొందరికి మతి భ్రమిస్తుంది. లేనివి కనిపిస్తాయి, మనుషుల్ని గుర్తుపట్టరు, జ్వరం, బీపీ పెరిగిపోతాయి. వైద్యం లేని రోజుల్లో ఈ దశకు చేరినవాళ్లలో మూడో వంతుకు పైగా చనిపోయేవారు. ఇప్పుడు ఆస్పత్రిలో సరిగా చూసుకుంటే ఆ సంఖ్య 5 శాతం లోపే. క్లోర్‌డయాజెపాక్సైడ్ వంటి మందును ఎక్కువ మోతాదులో మొదలుపెట్టి, వారం రోజుల్లో తగ్గించుకుంటూ వస్తారు. తాగుబోతు శరీరంలో అడుగంటిపోయే బి1 విటమిన్‌ను ఇంజెక్షన్‌గా ఎక్కిస్తారు. అంతకు మించి పెద్ద హంగామా ఏమీ ఉండదు.

అందుకే గదిలో పెట్టి తాళం వేయడం, ఒట్టు వేయించుకుని ఆ రోజు నుంచే ఆపించేయడం ప్రమాదం. అయ్యప్ప మాల వేసుకునే ముందురోజు దాకా తాగి, మాల వేసుకున్న ఉదయం నుంచి చుక్క ముట్టనివాళ్లు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. వాళ్ల నిష్ఠ మీద నాకు గౌరవముంది. 41 రోజులు మానగలిగిన మనిషి 42వ రోజు కూడా మానగలడని ఆ దీక్షే రుజువు చేస్తుంది. అయితే పొద్దున లేవగానే చేతులు వణికే స్థాయికి వచ్చినవాళ్లు దీక్షకు వారం పది రోజుల ముందే డాక్టరును కలవాలి.

తెలంగాణలో దీనికి ఇంకో చిక్కుంది. కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, ఆల్ప్రజోలామ్ కలుపుతారు. కల్లు కాంపౌండుకు రోజూ వెళ్లే మనిషి తనకు తెలియకుండానే నిద్రమాత్రలకు బానిసవుతాడు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దొరక్క మతి చెదిరినవాళ్లు, ఫిట్స్ వచ్చినవాళ్లు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి బారులు తీరారు. ఈ మత్తుమందుల్ని వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాలి తప్ప ఒక్కరోజులో ఆపకూడదు. ఆ మనిషి తాగింది ఉత్త కల్లే కదా అని డాక్టరుకు చెప్పకుండా దాచడం వల్లే చాలామంది ప్రాణాల మీదికి వస్తుంది.

ఒక ఏడాది, మూడేళ్లు

ఆస్పత్రిలో గడిచే పదీ పదిహేను రోజుల్లో ఒళ్లు తేరుకుంటుంది. మనిషి మారడానికి అవి చాలవు.

అమెరికాలోని షికాగోలో చికిత్సకు వచ్చిన 1,162 మందిని పరిశోధకులు ఎనిమిదేళ్లపాటు గమనించి 2007లో ఫలితాలు ప్రచురించారు. మానేసి ఏడాది కూడా నిండనివాళ్లలో మరుసటి ఏడాది కూడా నిలబడగలిగింది మూడో వంతు మందే. ఏడాది నుంచి మూడేళ్లు గడిపినవాళ్లలో 66 శాతం నిలబడ్డారు. మూడేళ్లు దాటినవాళ్లలో 86 శాతం.

ఈ మూడు అంకెల్నీ కుటుంబాలకు ఆస్పత్రి గుమ్మంలోనే చెప్పాలని నా కోరిక. మొదటి ఏడాది కష్టమైనది. ఆ ఏడాదిలో జారిపోవడం మామూలు, చేతకానితనం కాదు. ఏడాది దాటించగలిగితే గెలుపు మన వైపు మొగ్గుతుంది. మూడేళ్లు దాటిన మనిషిని ఇంకా తాగుబోతుగానే చూసే ఊరికి ఈ 86 అనే అంకెను గట్టిగా వినిపించాలి.

మళ్లీ తాగడం గురించి ఇంకో లెక్క. చికిత్స తర్వాత ఏడాదిలోపు 40 నుంచి 60 శాతం మంది మళ్లీ అలవాటులో పడతారని 2000లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన సమీక్ష తేల్చింది. అదే సమీక్షలో బీపీ, ఆస్తమా రోగుల లెక్క కూడా ఉంది. వాళ్లలో ఏటా 50 నుంచి 70 శాతం మందికి జబ్బు తిరగబెట్టి మళ్లీ వైద్యం అవసరమవుతుంది. ఉప్పు తగ్గించకపోయినా, మాత్రలు మర్చిపోయినా బీపీ పెరిగిన తండ్రిని మనం తిట్టం, డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాం. అతనే తాగి వస్తే మాత్రం, "లక్షలు పోసి బాగుచేయిస్తే బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు" అంటాం. జబ్బు తిరగబెట్టడమనేది రెండు చోట్లా ఒకటే. మన నోరే మారిపోతుంది.

ఎన్నిసార్లు ప్రయత్నిస్తే మానగలరు? అమెరికాలో వ్యసనం నుంచి పూర్తిగా బయటపడిన పెద్దల్ని అడిగితే సగటున ఐదు ప్రయత్నాలని తేలింది. ఆ సగటును కొద్దిమంది చాలా ఎక్కువ ప్రయత్నాలు పైకి లాగారు. మధ్యస్థ సంఖ్య తీసుకుంటే రెండే. అంటే బయటపడినవాళ్లలో సగం మందికి ఒకటో రెండో గట్టి ప్రయత్నాలే సరిపోయాయి. ఒకసారి విఫలమైందని చేతులెత్తేసిన కుటుంబం, ఆ రెండోసారి గుమ్మం దగ్గరే వెనుదిరిగినట్టు.

"మానేశావుగా, ఇంకా మాత్రలెందుకు?"

ఇంటికొచ్చాక మొదట వినపడే ప్రశ్న ఇదే. అత్తగారో పక్కింటివాళ్లో అమాయకంగా అడుగుతారు. మాత్రలకు అలవాటు పడిపోతావు, కిడ్నీలు పోతాయి అని కూడా చేరుస్తారు. ఈ ఒక్క ప్రశ్న వల్ల జరిగే నష్టానికి లెక్క ఉంది. ముందు మానసిక జబ్బుల మందుల సంగతి చూద్దాం.

స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక జబ్బు ఉన్న దాదాపు 6,500 మంది మీద జరిగిన 65 పరీక్షల్ని కలిపి లాన్సెట్ పత్రిక 2012లో ఒక సమీక్ష ప్రచురించింది. ఏడాదిలో జబ్బు తిరగబెట్టినవాళ్లు, మందు వాడుతున్నవాళ్లలో 27 శాతం. అసలు మందు ఆపి ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లలో 64 శాతం. ముగ్గురు మందు కొనసాగిస్తే ఒకరికి జబ్బు తిరగబెట్టకుండా ఆగిందన్నమాట. వైద్యంలో ఇంత బలమైన ఫలితం అరుదు. మందుల వల్ల బరువు పెరగడం, మగత, చేతుల వణుకు వంటి ఇబ్బందులు ఉంటాయి, వాటిని కొట్టిపారేయకూడదు. ఇబ్బంది ఉంటే మోతాదు తగ్గించమనో మందు మార్చమనో డాక్టరును అడగాలి. సొంతంగా ఆపేయడమే అసలు ముప్పు. అదీ మనిషి పూర్తిగా బాగున్న రోజుల్లోనే ఆపేస్తారు, బాగున్నాడు కదా అని.

తాగుడుకు కూడా మందులున్నాయన్న సంగతి చాలా ఇళ్లకు తెలియదు. తాగాలన్న తపనను తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ అందులో ముఖ్యం. మూడోది డైసల్ఫిరామ్. ఇది వేసుకుని తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. మన దగ్గర దీన్ని మనిషికి తెలియకుండా అన్నంలోనో మజ్జిగలోనో కలిపి పెట్టే అలవాటుంది. "తెలియకుండా మాన్పిస్తాం" అనే గోడ ప్రకటనలు ఈ భ్రమను ఇంకా పెంచాయి. దయచేసి ఆ పని చేయకండి. తెలియక ఆ మనిషి ఎప్పటిలాగే సీసా ఖాళీ చేస్తే గుండె ఆగిపోవచ్చు. చివరి మాత్ర వేసుకున్న రెండు వారాల దాకా ఈ ప్రమాదం ఉంటుంది. ఆ మనిషికి చెప్పి, ఒప్పించి, డాక్టరు రాసిస్తేనే అది మందు.

ఇంట్లో మాట

తాగే మనిషిని చికిత్సకు ఒప్పించడం ఎలా అన్నదాని మీద 1999లో అమెరికాలో ఒక పరీక్ష జరిగింది. చికిత్సకు ససేమిరా అంటున్నవాళ్ల కుటుంబసభ్యులు 130 మందిని మూడు జట్లుగా విడదీశారు. మొదటి జట్టు తమలాంటి కుటుంబాలు కలిసే సమావేశాల దారి పట్టింది. ఆ ఇళ్లలో చికిత్సకు వచ్చింది 13 శాతం. రెండో జట్టు బంధువులంతా ఒక్కసారిగా కూడి నిలదీసే పద్ధతి నేర్చుకుంది. మన భాషలో పంచాయితీ పెట్టడం. అక్కడ 30 శాతం వచ్చారు. మూడో జట్టు ఇంట్లో రోజువారీ ప్రవర్తనను మార్చుకోవడంలో శిక్షణ పొందింది. అక్కడ 64 శాతం వచ్చారు.

ఆ మూడో జట్టు నేర్చుకున్నది మన ఇళ్లకు అక్షరాలా పనికొస్తుంది. తాగి ఉన్నప్పుడు గొడవ పడకపోవడం, మాట్లాడాల్సింది మర్నాడు పొద్దున నిదానంగా మాట్లాడటం. తాగని రోజున నచ్చిన కూర వండి పెట్టడం, కలిసి సినిమాకు వెళ్లడం, పిల్లల్ని దగ్గరికి రానివ్వడం. తాగిన రోజున ఆ ఆదరణను గొడవ లేకుండా వెనక్కి తీసుకోవడం. అతని తరఫున ఆఫీసుకు ఫోన్ చేసి జ్వరమని అబద్ధం చెప్పకపోవడం, అతను చేసిన అప్పును తాళి తాకట్టు పెట్టి తీర్చకపోవడం. తాగుడు వల్ల కలిగే నష్టం అతనికే తగలాలి, ఇంటిల్లిపాదికీ కాదు. ఇక, అతను "సరే, వెళ్దాం" అన్న రోజుకు ఆస్పత్రి పేరు, ఓపీ వేళలు, డబ్బు ముందే సిద్ధంగా ఉంచుకోవడం. ఆ "సరే" ఎక్కువసేపు నిలవదు.

శిక్షణలో ఇంకో భాగం ఉంది, దాన్ని నేను అన్నిటికంటే ముందు పెడతాను. భార్యో తల్లో ముందు తన ప్రాణాన్ని, తన నిద్రను, తన సంపాదనను కాపాడుకోవాలి. కొడుతుంటే ఓర్చుకొమ్మని ఏ పరిశోధనా చెప్పలేదు. 181 మహిళల హెల్ప్‌లైన్, 112 అత్యవసర నంబరు అందుకోసమే ఉన్నాయి. మన రెండు రాష్ట్రాల్లో ఒకరి తాగుడు భారాన్ని మోస్తున్నది చాలావరకు ఆడవాళ్లే, వాళ్లకు కూడా కౌన్సెలింగ్ కావాలి. భర్తను తీసుకొచ్చిన రోజునే ఆమెను కూడా కూర్చోబెట్టి మాట్లాడే డాక్టరు మంచి డాక్టరు.

మానసిక జబ్బుల్లో కూడా ఇంటి మాటకు బలముంది. ఎప్పుడూ తప్పులెంచడం, కసురుకోవడం, లేదంటే ఊపిరాడనంతగా చుట్టూ తిరగడం, ఈ మూడూ ఎక్కువగా ఉన్న ఇళ్లలో స్కిజోఫ్రీనియా త్వరగా తిరగబెడుతుందని యాభై ఏళ్లకు పైగా అధ్యయనాలు చెబుతున్నాయి. కుటుంబానికి జబ్బు గురించి వివరించి, మాట తీరు మార్చుకోవడం నేర్పితే ఫలితం ఎంత? వైద్య పరిశోధనల్ని కలిపి చూసే కాక్రేన్ సంస్థ 2010 నాటి సమీక్ష లెక్క ప్రకారం ఏడు కుటుంబాలకు నేర్పితే ఒక ఇంట్లో జబ్బు తిరగబెట్టడం ఆగుతుంది. ఇందులో మందు ఖర్చేమీ లేదు. కొన్ని గంటలు కూర్చుని చెప్పే మనిషి కావాలి, అంతే.

వీధి గురించి కూడా ఒక మాట. జీతం వచ్చిన సాయంత్రం, పెళ్లి ముందురాత్రి, దసరా దావత్, చావింటి పదకొండో రోజు, ఇవన్నీ మానేసిన మనిషికి గండాలే. "ఒక్క పెగ్గుకు ఏమవుతుంది బావా" అనే స్నేహితుడు ఒక్కడుంటే చాలు, ఆర్నెల్ల కష్టం వృథా. అలాంటి చోట అతని పక్కన సోడా పట్టుకుని కూర్చునే బావమరిది ఒకడున్నా చాలు, ఆ రాత్రి గడిచిపోతుంది. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగు వేళల్లో జాగ్రత్తగా ఉండాలని ఆల్కహాలిక్స్ అనానిమస్ సభ్యులు ఒకరికొకరు చెప్పుకుంటారు. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరినొకరు నిలబెట్టుకోవడంతో మొదలైన సంఘం అది. రుసుము లేదు, పేరు చెప్పనక్కర్లేదు. తెలుగులో కూడా సమావేశాలు జరుగుతాయి. 10,565 మంది మీద జరిగిన 27 అధ్యయనాల్ని కలిపి 2020లో కాక్రేన్ చూస్తే, ఏడాది తర్వాత పూర్తిగా మానేసి ఉన్నవాళ్లు ఈ దారిలో 42 శాతం, ఇతర చికిత్సల్లో 35 శాతం. ఉచితంగా దొరికే సాయానికి ఇది చిన్న తేడా కాదు.

తొమ్మిది పలకరింపులు

మానసిక ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన మొదటి మూడు నెలలు ప్రాణాపాయం ఎక్కువగా ఉండే కాలం. 2017లో వంద అధ్యయనాల్ని కలిపి లెక్కేస్తే, ఆ మూడు నెలల్లో ఆత్మహత్యల రేటు ఏడాదికి లక్ష మందికి 1,132గా తేలింది. 2022లో మన దేశంలో మొత్తం జనాభాకు ఆ రేటు 12.4. ఆ అధ్యయనాల్లో ఎక్కువ భాగం సంపన్న దేశాలవి, నిజమే. అయినా తేడా ఎంతటిదో చూడండి.

ఇదే సమయంలో మనం ఏం చేయగలమో చెప్పే అధ్యయనం ఒకటుంది. అందులో మన చెన్నై కూడా ఉంది. ఆత్మహత్యకు ప్రయత్నించి ఆస్పత్రికొచ్చిన 1,867 మందిని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో రెండు జట్లుగా విడదీసింది. ఒక జట్టుకు మామూలు వైద్యం. రెండో జట్టుకు ఆ వైద్యంతో పాటు ఒక గంట మాట్లాడటం, ఆ తర్వాత 18 నెలల్లో తొమ్మిదిసార్లు ఫోన్ చేసో ఇంటికెళ్లో పలకరించడం. 2008లో వచ్చిన ఫలితం: మామూలు వైద్యం జట్టులో ఆత్మహత్య చేసుకున్నవాళ్లు 18 మంది, పలకరించిన జట్టులో ఇద్దరు. ఆ పలకరింపుల్లో ఎలా ఉన్నావు, ఏమైనా కావాలా అని అడిగారు తప్ప పెద్ద విద్యేమీ ప్రదర్శించలేదు.

గోవాలో జరిగిన ఇంకో ప్రయోగం నన్ను చాలా ఆకట్టుకుంది. మానసిక వైద్యంలో ఏ పట్టా లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో హద్దు మీరి తాగే మగవాళ్లతో మాట్లాడించారు. 377 మంది పాల్గొన్నారు. మూడు నెలల తర్వాత, గత 14 రోజుల్లో చుక్క ముట్టలేదని చెప్పినవాళ్లు మాట్లాడిన జట్టులో 42 శాతం, మామూలు జట్టులో 18 శాతం. ఈ ఫలితం 2017లో లాన్సెట్‌లో వచ్చింది. లక్ష జనాభాకు ఒక్క మానసిక వైద్యుడు కూడా లేని దేశంలో, సగటు 0.75 అని లెక్క, ఇదే దారి. మన దగ్గర ప్రతి ఊళ్లో ఆశా కార్యకర్త ఉంది. గర్భిణి ఇంటికి వెళ్లినట్టే, డిశ్చార్జి అయిన మనిషి ఇంటికి కూడా నెలకొకసారి వెళ్లమని, ఆ పనికి విడిగా డబ్బిచ్చి ప్రభుత్వం అప్పజెప్పాలి. ఉన్న పని మీద ఉచితంగా మోపితే అది జరగదు.

రెండూ కలిసి ఉన్నప్పుడు

తాగుడును ఒక డాక్టరు, మనోవ్యాధిని ఇంకో డాక్టరు చూడటం మనకు అలవాటు. కానీ అమెరికాలో ఇరవై వేల మందిని పరీక్షించిన 1990 నాటి అధ్యయనంలో స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లలో 47 శాతం మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మద్యమో మత్తుమందో సమస్య అయింది. తీవ్రమైన బైపోలార్ జబ్బులో 61 శాతం. గంజాయి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రోజూ పీల్చేవాళ్లకు మతిస్థిమితం తప్పే జబ్బు వచ్చే అవకాశం, అసలు ముట్టనివాళ్లతో పోలిస్తే మూడు రెట్లని యూరప్, బ్రెజిల్ నగరాల్లో జరిపి 2019లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది. అందువల్ల ఒకదానికి చికిత్స చేసి రెండోది వదిలేస్తే రెండూ తిరిగొస్తాయి. డీ-అడిక్షన్ కేంద్రంలో చేర్పించేటప్పుడు, ఇక్కడ మానసిక వైద్యుడు రోజూ వస్తారా అని అడగండి. సమాధానం తడబడితే ఇంకో చోటు చూసుకోండి.

చట్టం ఏమంటోంది

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో ఒక ఆశ్రమానికి నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు కదల్లేక కాలిపోయారు. ఇవాళ గొలుసులతో కట్టేయడం నేరం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 నుంచి అమల్లో ఉంది. మద్యం, మత్తుమందుల వల్ల కలిగే మానసిక స్థితుల్ని కూడా అది మానసిక అనారోగ్యంగానే లెక్కిస్తుంది. కాబట్టి డీ-అడిక్షన్ కేంద్రాలు కూడా దాని పరిధిలోకే వస్తాయి. రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థలో నమోదు లేకుండా కేంద్రం నడపకూడదు. నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉన్నవాళ్లను వాళ్ల ప్రతినిధి కోరిక మీద చేర్చుకున్నా, మొదట 30 రోజులకు మించి ఉంచకూడదు. కొట్టే హక్కు ఎవరికీ లేదు. నమోదు పత్రం చూపించమని అడగండి, రోగితో ఫోన్‌లో విడిగా మాట్లాడించమనండి. ఆరు నెలల డబ్బు ముందే కట్టమని, మూడు నెలలు చూడటానికి రావద్దని చెప్పే కేంద్రం ఎంత పేరున్నదైనా నమ్మకండి.

ఇందులో 98వ సెక్షన్‌ను చాలామంది పట్టించుకోరు. రోగిని ఇంటికి పంపేముందు, ఇకపై చికిత్స ఎక్కడ, ఎలా అందుతుందో డాక్టరు రోగితో, కుటుంబంతో మాట్లాడి ప్రణాళిక తయారుచేయాలని అది చెబుతుంది. డిశ్చార్జి కాగితం మీద మందుల పేర్లు మాత్రమే రాసిచ్చి పంపితే చట్టం సగమే అమలైనట్టు. తదుపరి తేదీ, దగ్గర్లోని ఆస్పత్రి, మందు అయిపోతే ఎక్కడ దొరుకుతుంది, తిరగబెట్టే లక్షణాలేమిటి, ఇవన్నీ అందులో రాయించుకోండి. ఆరోగ్య బీమా కంపెనీలు శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకు కూడా బీమా కల్పించాలని కూడా ఈ చట్టమే ఆదేశించింది.

గంజాయితో పట్టుబడిన కొడుకు గురించి భయపడే తల్లిదండ్రులకు మాదకద్రవ్యాల చట్టంలోని 64ఏ సెక్షన్ తెలియాలి. వాడినందుకో, కొద్ది పరిమాణం దగ్గర పెట్టుకున్నందుకో కేసు ఎదుర్కొంటున్న బానిస, ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన కేంద్రంలో తనంతట తాను చికిత్సకు ముందుకొస్తే విచారణ నుంచి రక్షణ దొరుకుతుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు.

ఇక బతుకుతెరువు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో దీర్ఘకాల మానసిక అనారోగ్యం ఒకటి. 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం వస్తే పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు, తెలంగాణలో 4,016. ప్రభుత్వోద్యోగాల్లో దివ్యాంగులకున్న 4 శాతం రిజర్వేషన్‌లో కూడా వీళ్లకు వాటా ఉంది. అయితే పింఛను కంటే పని మనిషిని ఎక్కువగా నిలబెడుతుంది. తెలిసినవాళ్ల దుకాణంలో రోజుకు నాలుగు గంటల లెక్కల పనైనా, పొలంలో నీళ్లు పెట్టే బాధ్యతైనా ఇప్పించండి. పొద్దున లేవడానికి ఒక కారణం దొరుకుతుంది.

మీ ఇంట్లోనో వీధిలోనో ఇటీవల ఆస్పత్రి నుంచి వచ్చినవాళ్లుంటే, ఈ వారంలోనే వాళ్లకు ఫోన్ చేయండి. తర్వాతి ఓపీ తేదీ ఎప్పుడో కనుక్కుని తోడు వెళ్లండి. రాత్రివేళ ఏం చేయాలో తోచకపోతే 14416కు కాల్ చేయండి. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ ఇది. తెలుగులో మాట్లాడతారు, డబ్బేమీ కట్టనక్కర్లేదు. మద్యం, మత్తుమందుల సమస్యకు 14446. ఈ రెండు నంబర్లూ ఇప్పుడే ఫోన్‌లో దాచుకోండి.